నాలుగు రోజులుగా మోషన్ లేదంటే... ముందు బిడ్డ వయసెంత?

"బాబుకి నాలుగు రోజులుగా మోషన్ లేదు" అనే మాటకు బిడ్డ వయసును బట్టి అర్థం మారిపోతుంది. పుట్టి వారం కూడా నిండని బిడ్డ గురించైతే అదే రోజు డాక్టరుకు చూపించాలి. తల్లిపాలు తప్ప ఇంకేమీ తాగని మూడో నెల బిడ్డ గురించైతే చాలాసార్లు అది పట్టించుకోవాల్సిన సంగతే కాదు. ఎనిమిదో నెల బిడ్డ అయితే వారం రోజులుగా ఏం తినిపిస్తున్నారో అడగాలి. మన ఇళ్లలో మాత్రం ఈ మూడింటికీ మలబద్ధకం అనే ఒకే పేరు పెట్టి, ఒకే వైద్యం చేస్తుంటారు.

పుట్టిన బిడ్డ మొదట చేసే మోషన్ నల్లగా, తారులా జిగటగా ఉంటుంది. దీన్ని మెకోనియం అంటారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ మింగిన ఉమ్మనీరు, చర్మం నుంచి రాలిన కణాలు, నూగు వెంట్రుకలు, పైత్యరసం అన్నీ కలిసి పేగులో చేరినదే ఇది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మొదటి 24 గంటల్లోనే దీన్ని బయటకు పంపేస్తారు. మిగతావారిలో దాదాపు అందరికీ 48 గంటల్లోపు అయిపోతుంది. ముర్రుపాలకు పేగును కదిలించే గుణం ఉంది కాబట్టి, పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించమని చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. మూడు నాలుగు రోజులకు రంగు ఆకుపచ్చగా మారుతుంది. ఐదో రోజుకల్లా ఆవపిండి రంగులో, చిన్న చిన్న పలుకులతో, పలుచగా వస్తుంది. ఆ పలుకులు చూసి అరగలేదని కంగారు పడతారు గానీ, తల్లిపాల బిడ్డకు మోషన్ అలాగే ఉండాలి.

అక్కడి నుంచి నెల నిండేదాకా బిడ్డ రోజుకు మూడు నాలుగు సార్లయినా మోషన్‌కు వెళ్లాలి. పాలు తాగిన ప్రతిసారీ వెళ్లే పిల్లలూ ఉంటారు. పొట్టలోకి పాలు చేరగానే పెద్దపేగు కదలడం మనిషి శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటే, పసిపిల్లల్లో అది మరీ చురుగ్గా ఉంటుంది. ఈ నెలలో మోషన్ తగ్గిందంటే ముందుగా అనుమానించాల్సింది పాలు చాలుతున్నాయా లేదా అని. లోపలికి వెళ్లేది తక్కువైతే బయటకు వచ్చేదీ తక్కువే. రొమ్ము సరిగ్గా నోటికి అందడం లేదేమో, బిడ్డ మగతగా నిద్రపోతూ పాలపూటలు తప్పిస్తోందేమో చూడాలి. తెలంగాణలో ఈ కోణానికి మరింత ప్రాధాన్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ఆపరేషన్ అయిన తల్లికి పాలు పడటం కొంత ఆలస్యం కావచ్చు. ఆ రోజుల్లో బిడ్డకు గ్రైప్ వాటర్ పట్టించే బదులు, పాలు పట్టే తీరు తెలిసిన నర్సు తల్లి పక్కన అరగంట కూర్చుంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో రెండు ఆధారాలున్నాయి. ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు ఉచ్చ పోయాలి. రెండోది బరువు. మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే, పుట్టినప్పటి బరువులో పదో వంతు దాటి తగ్గకూడదు. రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి రావాలి. తర్వాత మూడో నెల దాకా రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో బరువు గీత గీసుకునే పేజీ ఇందుకే ఉంది. చాలా ఇళ్లలో ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది, టీకాల పేజీ మాత్రం నలిగిపోతుంది.

ఆరో వారం అటూ ఇటూగా కథ మారుతుంది. నిన్నటిదాకా రోజుకు ఐదుసార్లు వెళ్లిన బిడ్డ ఒక్కసారిగా రెండు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి వెళ్లడం మొదలుపెడుతుంది. కొందరు వారం, పది రోజుల దాకా వెళ్లరు. ఈలోగా పాలు బాగా తాగుతూ, ఆడుకుంటూ, గ్యాస్ వదులుతూ ఉంటారు. చివరికి వెళ్లినప్పుడు మెత్తగా, పలుచగా, బోలెడంతగా, డైపర్ దాటి వీపు దాకా వస్తుంది. మెత్తగా రావడమే ఇక్కడ ముఖ్యం. మలబద్ధకం అంటే గట్టిపడటం, ఎండిపోవడం, బయటకు రావడానికి నొప్పి పెట్టడం. పది రోజుల తర్వాత వచ్చినా మెత్తగా వస్తే దాన్ని మలబద్ధకం అనరు.

ఇన్ని రోజులు లోపల ఉన్నా ఎందుకు గట్టిపడదు? అసలు అన్ని రోజుల ఆలస్యం ఎందుకు? రెండింటికీ జవాబు చాలావరకు పాలలోనే ఉంది. తల్లిపాలలో మాంసకృత్తులు తక్కువ, 100 మిల్లీలీటర్లకు సుమారు ఒక గ్రాము. ఆవుపాలలో దానికి మూడు రెట్లకు పైగా ఉంటాయి. పైగా తల్లిపాలలో సులువుగా అరిగే 'వే' (whey) రకం ప్రొటీన్ ఎక్కువ, పొట్టలో గడ్డకట్టే కేసిన్ తక్కువ. ఆవుపాలలో ఇది తారుమారు, అయిదింట నాలుగు వంతులు కేసినే. తల్లిపాలలోని కొవ్వును అరిగించడానికి కావాల్సిన లైపేజ్ అనే ఎంజైమ్ కొంత ఆ పాలతోనే వస్తుంది. పీచు అన్నదే లేదు. తాగిన దాంట్లో దాదాపు అంతా ఒంటికి పట్టేస్తే పెద్దపేగుకు చేరే మిగులు కొంచెమే. మొదటి వారాల్లో పాలు తాగగానే పేగు కదిలే చురుకుదనం ఆరో వారానికల్లా కొంత నెమ్మదిస్తుంది, పెద్దపేగుకు కూడా మలాన్ని పట్టి ఉంచే సత్తువ వస్తుంది. ముర్రుపాల ప్రభావం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. ఇవన్నీ కలిసి వ్యవధి పెరుగుతుంది.

ఇక గట్టిపడకపోవడం. తల్లిపాలలో రెండు వందల రకాలకు పైగా ప్రత్యేకమైన చక్కెరలుంటాయి, వాటిని ఆలిగోశాకరైడ్లు అంటారు. వాటిని అరిగించే శక్తి బిడ్డకు లేదు. అవి నేరుగా పెద్దపేగుకు చేరి, అక్కడుండే బిఫిడో బ్యాక్టీరియాకు ఆహారమవుతాయి, నీటిని కూడా పట్టి ఉంచుతాయి. బిడ్డ తినలేని ఆహారాన్ని తల్లి శరీరం ఇంత శ్రమపడి ఎందుకు తయారు చేస్తుందన్నది చాలాకాలం శాస్త్రవేత్తలకు చిక్కుముడిగానే ఉండేది. పేగులో పెరగాల్సిన మంచి సూక్ష్మజీవులకు అది భోజనమని తేలింది. కొవ్వుది ఇంకో లెక్క. పాల కొవ్వులోని పాల్మిటిక్ ఆమ్లం తల్లిపాలలో కొవ్వు అణువు మధ్య స్థానంలో ఎక్కువగా ఉంటుంది, అలా ఉంటే చక్కగా ఒంటికి పడుతుంది. చాలా డబ్బా పాలలో అది పక్క స్థానాల్లో ఉంటుంది. అరుగుదలలో అక్కడి నుంచి విడిపోయి, కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థంగా మారి మలంలో మిగిలిపోతుంది. డబ్బా పాలు తాగే బిడ్డకు మోషన్ గట్టిగా ఎందుకొస్తుందో చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది. కాబట్టి పై వారం, పది రోజుల వెసులుబాటు డబ్బా పాల బిడ్డకు వర్తించదు. రెండూ కలిపి తాగే బిడ్డకు కూడా పూర్తిగా వర్తించదు.

ఆరో వారం మార్పు మీద ఇంత గందరగోళం ఎందుకంటే, సరిగ్గా ఆ సమయానికే బిడ్డ జీవితంలో ఇంకా చాలా మారతాయి. మొదటి పెంటావాలెంట్ సూది, రోటా చుక్కలు ఆరో వారంలోనే వేస్తారు. ఆ తర్వాత రెండు రోజులు మోషన్ లేకపోతే నేరం టీకా మీద పడుతుంది. రోటావైరస్ టీకాల్లో ఒకటైన రోటావాక్ తయారయ్యేది హైదరాబాద్‌లోనే అయినా ఈ అపవాదు నుంచి దానికీ మినహాయింపు లేదు. ఆశా కార్యకర్త కొత్త బిడ్డను చూడటానికి ఇంటికొచ్చే రోజులు 3, 7, 14, 21, 28, 42. అంటే పసికందు కోసం వచ్చే ఆ విడత చివరి రాక ఆరో వారానికే. అడగడానికి మనిషి ఉన్నన్నాళ్లూ బిడ్డ రోజుకు నాలుగుసార్లు వెళ్తుంది, ఆమె రావడం ఆగాక సందేహం మొదలవుతుంది.

ఆపైన ప్రయాణం. పురుటికి వరంగల్‌కో కరీంనగర్‌కో పుట్టింటికి వెళ్లిన తల్లి మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో హైదరాబాద్ వస్తుంది. ఈ మధ్యలో మోషన్ తగ్గితే "ఇక్కడి నీళ్లు పడలేదు" అంటారు. మంజీరా నీళ్లయినా కృష్ణా నీళ్లయినా ఆ బిడ్డ నోట్లో ఒక్క చుక్క పడి ఉండదు. అలాగే బాలింత పథ్యం వదిలేసి వంకాయో ఆలుగడ్డో తిన్నందుకే ఇలా జరిగిందని తల్లిని తప్పుపట్టే ఇళ్లకు కొదవ లేదు. పాలు తయారయ్యేది తల్లి రక్తంలోని పోషకాల నుంచి. ఆమె తిన్న కూర బిడ్డ మోషన్‌ను ఆపదు. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణమనుకోవడం మనుషులకు అలవాటే, దాని బరువు మాత్రం బాలింత మీద పడుతుంది.

బిడ్డ ముక్కుతూ, మొహం ఎర్రబడి, కాళ్లు ముడుచుకుని ఏడవడం కూడా పెద్దవాళ్లను హడలెత్తిస్తుంది. పది నిమిషాలో ఇంకా ఎక్కువసేపో ఏడ్చాక వచ్చే మోషన్ చూస్తే మెత్తగానే ఉంటుంది. దీనికి వైద్యంలో ఇన్‌ఫాంట్ డిస్కీజియా అని పేరు. తొమ్మిది నెలల లోపు పిల్లల్లో కనిపిస్తుంది. పొట్టతో ఒత్తిడి పెడుతూ అదే సమయంలో కింది కండరాలను వదులు చేయడం నేర్చుకోవాల్సిన పని. బిడ్డకు అదింకా కుదరక, నెడుతూనే కింద బిగబడుతుంది. ఏడుపు వల్ల పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, అది నెట్టడానికే పనికొస్తుంది. మందేమీ లేదు, అక్కర్లేదు, కొన్ని వారాల్లో అదే నేర్చుకుంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు సైకిల్ తొక్కించినట్టు ఆడించడం, పొట్ట మీద మెల్లగా గుండ్రంగా రాయడం వల్ల నష్టం లేదు. స్నానం పోసే ఆవిడ పొట్టను గట్టిగా నొక్కుతుంటే మాత్రం ఆపమనాలి.

అసలు నష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. తమలపాకు కాడకు ఆముదం రాసి మలద్వారంలో పెట్టడం తెలుగిళ్లలో తరతరాలుగా ఉంది. సబ్బు ముక్క పెట్టేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు వెంటనే మోషన్ వస్తుంది కూడా, అందుకే ఆ పద్ధతి మీద అంత నమ్మకం. ద్వారం దగ్గర ఏది తగిలినా వచ్చే స్పందన అది, ఆముదం మహిమేమీ లేదు. లోపలి పొర పలుచన. కాడ గీసుకుంటే చీరుకుంటుంది, సబ్బులోని క్షారానికి మండుతుంది. మాటిమాటికీ ఇలా చేస్తే కింది కండరాలను తానే వదులు చేసుకోవడం నేర్చుకునే అవకాశం బిడ్డకు పోతుంది. గ్లిజరిన్ సపోజిటరీ ఒకసారి డాక్టర్ చెబితే పెట్టడం వేరు. దాన్ని ఫ్రిజ్‌లో డబ్బాగా పెట్టుకుని మూడు రోజులకోసారి వాడటం కూడా కాడ బాపతే.

నోట్లో పోసే ఆముదం మరీ ప్రమాదం. చిన్నపేగును బలవంతంగా కదిలించే రిసినోలెయిక్ ఆమ్లం అందులో ఉంది. మూడు కిలోల బిడ్డలో విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు ఎంత త్వరగా పోతుందో చెప్పలేం. ఏడుస్తున్న బిడ్డకు ముక్కు మూసి పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వచ్చే ముప్పుంది. తేనె సంగతి వేరే. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండవచ్చు. ఏడాది లోపు బిడ్డ పేగులో అవి మొలకెత్తి, విషం తయారుచేసి, కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. ఆ జబ్బు మొదటి లక్షణం మలబద్ధకమే, ఆ తర్వాత ఏడుపు సన్నబడుతుంది, మెడ నిలవదు, పాలు పీల్చే శక్తి తగ్గుతుంది. అంటే మోషన్ కోసమని నాకించిన తేనె మోషన్‌ను ఆపేసే జబ్బు తేవచ్చు. అరుదే, కానీ అక్కర్లేని చోట ఆ అరుదైన ముప్పు మాత్రం ఎందుకు? మాటలు త్వరగా రావాలని తేనెలో అరగదీసి నాకించే వస కొమ్ము మీద కూడా వైద్యులకు అభ్యంతరాలున్నాయి. అందులోని బీటా ఆసరోన్ అనే పదార్థం కారణంగా అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు.

ఇంగువ తడిపి బొడ్డు చుట్టూ రాయడం వీటితో పోలిస్తే పెద్దగా హాని చేయదు, చర్మం మండకపోతే చాలు.

ఎండాకాలం వచ్చిందంటే నీళ్ల గొడవ. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంటే "పాలు వేడి, బిడ్డకు నాలుగు చెంచాల నీళ్లు పోయకపోతే పేగు ఎండిపోతుంది" అనే మాట వినని తల్లి ఉండదు. తల్లిపాలలో దాదాపు 87, 88 శాతం నీరే. దాహమైతే బిడ్డ ఎక్కువసార్లు రొమ్ముకొస్తుంది. నీళ్లతో పొట్ట నింపితే ఆ మేరకు పాలు తాగదు, తల్లికి పాల ఉత్పత్తి తగ్గుతుంది. మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే అంటున్నాయి. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగాల్సింది తల్లి.

ఇదంతా చెప్పాక కూడా, కొందరు పిల్లల్లో మోషన్ రాకపోవడం వెనుక జబ్బు ఉంటుంది. దాన్ని పట్టించేవి రోజుల లెక్క కంటే పక్కనుండే లక్షణాలే. పుట్టాక 48 గంటలైనా మెకోనియం పడకపోవడం, పొట్ట బిగుసుకుని ఉబ్బడం, ఆకుపచ్చటి పసరు వాంతి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా హిర్ష్‌స్ప్రంగ్ జబ్బును గానీ పేగు అడ్డంకిని గానీ అనుమానించాలి. 1886లో దీన్ని వివరంగా చెప్పిన డెన్మార్క్ పిల్లల వైద్యుడి పేరే జబ్బుకు పెట్టారు. పెద్దపేగు చివరి భాగంలో నరాల కణాలు ఏర్పడక, ఆ ముక్క వదులు కాదు, వెనకాల అంతా పేరుకుంటుంది. దాదాపు ఐదు వేల మందిలో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. ఇందులో ఒక చిక్కుంది. కణాలు లేని ముక్క చిన్నదైతే, తల్లిపాల మలం పలుచన కాబట్టి ఎలాగోలా జారిపోతుంది. జబ్బు అన్నప్రాశన దాకా దాగి ఉండవచ్చు. అందుకే నెలన్నర బిడ్డకు గ్యాప్ వచ్చిందని చూపించినప్పుడు కూడా, మెకోనియం ఎప్పుడు పడిందని మంచి డాక్టర్ తప్పక అడుగుతారు. ఆ జవాబు తెలిసి ఉండాలి. దీనికి ఆపరేషన్ ఉంది, రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ లాంటి పిల్లల సర్జరీ విభాగాలున్న ఆస్పత్రుల్లో చేస్తారు.

థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగా పనిచేయని పిల్లలు మన దేశంలో సుమారు వెయ్యికి ఒకరు. మోషన్ తగ్గడంతోపాటు పచ్చకామెర్లు వారాలు గడిచినా తగ్గవు, గొంతు బొంగురు, నాలుక పెద్దదిగా ఉంటుంది, బిడ్డ ఎప్పుడూ మగతగా పడి ఉంటుంది. మడమ నుంచి తీసే రెండు చుక్కల రక్తంతో దొరికిపోతుంది. రెండు వారాల్లోపు మందు మొదలైతే మెదడు ఎదుగుదల కాపాడుకోవచ్చు. డిశ్చార్జి కాగితాల్లో ఈ పరీక్ష చేసినట్టు ఉందో లేదో ఒకసారి తిరగేసి చూస్తే పోయేదేమీ లేదు.

రంగు విషయంలో మాత్రం ఒక్క రోజూ ఆగకూడదు. పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులన్నీ మామూలే. సున్నంలా తెల్లగా, పాలిపోయిన మట్టి రంగులో వస్తే పైత్యరసం పేగుకు చేరడం లేదని అర్థం. బిలియరీ అట్రీషియా అనే జబ్బులో ఇలాగే జరుగుతుంది. దానికి చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల వయసు లోపు జరిగితే ఫలితం మెరుగు. బిడ్డ రోజూ మోషన్‌కు వెళ్తోంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటే ఈ గడువు దాటిపోతుంది. మోషన్‌లో రక్తం, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, పాలు తాగకపోవడం, ఉచ్చ తగ్గడం, బరువు నిలిచిపోవడం, ఇవి కూడా వెంటనే చూపించాల్సినవే.

"ఆ పాలు పడటం లేదు, డబ్బా మొదలుపెట్టండి" అనే సలహా ఈ సమయంలో తరచూ వినపడుతుంది. డబ్బా పాల ప్రకటనల మీద 1992 చట్టం, 2003 సవరణ ద్వారా నిషేధం ఉంది గానీ, పక్కింటి సలహాల మీద ఏ చట్టమూ లేదు. మెత్తటి మోషన్‌ను పది రోజులకోసారి చేసే బిడ్డకు డబ్బా పాలు పడితే మోషన్ తరచుగా రావచ్చు, గట్టిగానూ రావచ్చు. లేని మలబద్ధకానికి వైద్యం చేసి ఉన్న మలబద్ధకం తెచ్చుకోవడం అంటే ఇదే.

నిజమైన మలబద్ధకం ఎక్కువగా ఆరు నెలలు దాటి అన్నం మొదలయ్యాకే కనిపిస్తుంది. ఉగ్గు, రాగి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం కొత్తగా పేగులోకి వస్తాయి. పాలు తగ్గుతాయి, నీళ్లు అలవాటు కావు. అప్పుడు మేక పెంటికల్లా ఉండలుగా వస్తుంది, బిడ్డ నొప్పికి భయపడి ఆపుకోవడం నేర్చుకుంటుంది. ఈ దశలో భోజనంతోపాటు కాచి చల్లార్చిన నీళ్లు కొద్దికొద్దిగా పట్టాలి. బాగా మగ్గిన బొప్పాయి, ఉడికించిన ఆకుకూర, సొరకాయ, కొంచెం నెయ్యి చేర్చాలి. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా పోయకూడదు, తల్లిపాలు కొనసాగించాలి. రెండు వారాలైనా గట్టిదనం తగ్గకపోతే డాక్టర్ లాక్టులోజ్ లాంటి సిరప్ రాస్తారు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, ఎన్నాళ్లు వాడాలో కూడా వాళ్లే చెబుతారు. రెండు మోషన్లు సాఫీగా కాగానే సీసా పక్కన పెట్టేస్తే మళ్లీ గట్టిపడుతుంది. నొప్పి భయం పోయేదాకా వారాలపాటు కొనసాగించాల్సి రావచ్చు.